డాబా మీద డిష్ మనమే తిప్పుకుందాం: పర్లాకిమిడి నుంచి

ముందుగా ఒక లెక్క చెప్తాను. ఇది పట్టుబడితే సగం పని అయినట్టే. డిష్‌ని నిలబెట్టే ఇనుప గొట్టం 38 మిల్లీమీటర్ల లావు ఉందనుకోండి. దాని చుట్టుకొలత 12 సెంటీమీటర్లకు పిసరంత తక్కువ. ఆ కాస్తలోనే 360 డిగ్రీలూ ఇమడాలి. అంటే డిష్‌ని గొట్టానికి పట్టి ఉంచే క్లాంపు ఒక్క మిల్లీమీటరు జరిగితే డిష్ చూసే దిక్కు 3 డిగ్రీలు జరిగిపోతుంది. దూరదర్శన్ వాళ్ల ఉచిత సేవ డీడీ ఫ్రీ డిష్ మనకు అందేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. దానికి అటు 95లో ఒకటి, ఇటు 91.5లో ఇంకొకటి ఉన్నాయి. ఒక్క మిల్లీమీటరు కదిపామంటే మనదాన్ని వదిలేసి పక్కదాని దరిదాపుల్లోకి వెళ్లిపోతాం. డిష్ కుదరలేదని చెప్పేవాళ్ల ఇళ్లకు వెళ్లి చూస్తే చాలామంది చేసే పని ఒకటే. రెండు చేతులా అంచు పట్టుకుని ఆటో హ్యాండిల్ తిప్పినట్టు తిప్పేస్తారు. టీవీ దగ్గరుండే సెట్-టాప్ బాక్సు పసిగట్టి తెర మీద చూపించేలోపే సిగ్నల్ వచ్చి వెళ్లిపోయి ఉంటుంది.

నేను పర్లాకిమిడిలో టిఫిన్ హోటల్ నడుపుతాను. కింద హోటలు, పైన ఇల్లు, ఆ పైన డాబా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు కలిసింది గానీ మా ఇంట్లో మాట తెలుగే. పిల్లలు బళ్లో ఒడియా చదువుకున్నారు, బజార్లో రెండు భాషలూ నడుస్తాయి. మా అత్తగారికి మాత్రం పొద్దున్నే టీవీలో తెలుగు వినబడాలి. డీడీ ఫ్రీ డిష్‌లో సప్తగిరి, యాదగిరి, డీడీ ఒడియా మూడూ వస్తాయి, నెలనెలా కట్టాల్సింది లేదు. సరిహద్దులో ఉన్న మాలాంటి ఇళ్లకు ఇది చాలా పెద్ద సంగతి. పాతపట్నం ఇక్కడికి కూతవేటు దూరం, అయినా రాష్ట్రం మారిందంటే ప్యాకేజీలూ మారిపోతాయి. అందుకే ఈ డిష్ ఎవరి ఇంట్లోనూ పని చేయకుండా పడి ఉండకూడదని నాకు పట్టుదల.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లా మీదుగా వెళ్లినప్పుడు మా వీధిలో డిష్‌లు చాలావరకు మెడలు వాల్చేశాయి. కరెంటు వచ్చాక కూడా మెకానిక్‌లు దొరకలేదు. నేను అప్పుడే పానా పట్టుకున్నాను. ఇప్పుడు ఒడియా పిల్లలు కూడా హోటల్ గుమ్మం దగ్గరికొచ్చి “మావుసీ, సిగ్నల్ ఆసునీ” (పిన్నీ, సిగ్నల్ రావట్లేదు) అంటారు. అన్ని ఇళ్లకూ వెళ్లలేను కాబట్టి నేను చేసే తీరు రాస్తున్నాను.

ఎటు తిప్పాలో నేల మీద నిలబడే తేల్చుకోండి. డాబా ఎక్కి వెతుక్కోవడం మొదలెడితే పొద్దు పోతుంది. పర్లాకిమిడి నుంచి జీశాట్-15 ఉన్న దిక్కు ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కిస్తే 153 డిగ్రీలు. అంటే నికరమైన దక్షిణం నుంచి తూర్పుకు 27 డిగ్రీలు. మా ఊరివాళ్లకు ఇంకా సులువుగా చెప్పాలంటే, మీ డాబా మీద నిలబడి టెక్కలి ఎటో, కోటబొమ్మాళి ఎటో చూసుకోండి. ఆ రెండింటి నడుమకు చూడాలి డిష్. గుణుపురానికీ దాదాపు ఇదే దిక్కు, 152. రాయగడకు 151 దాటి 152 లోపు, జయపురానికి 149, మల్కనగిరికి 147, బరంపురానికి 155. ఎత్తు కోణం, అంటే డిష్ చూపు నేల మట్టం నుంచి పైకి లేవాల్సిన కోణం మాత్రం ఈ ఊళ్లన్నిటికీ ఇంచుమించు 65 డిగ్రీలే, అర డిగ్రీ అటూ ఇటూ.

పక్కింటి డిష్ చూసి తిప్పుకుంటామంటారు చాలామంది. పక్కింట్లోనూ ఫ్రీ డిష్ ఉంటే అంతకన్నా మంచి గుర్తు లేదు, నేనూ అదే చూస్తాను. వేరే కంపెనీదైతే మాత్రం అది మిమ్మల్ని దారి తప్పిస్తుంది. టాటా ప్లే ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, మా ఊరి నుంచి దాని డిష్ దాదాపు తిన్నగా దక్షిణానికి చూస్తుంది. ఎయిర్‌టెల్‌ది 108.2, అది బాగా తూర్పుకు తిరిగి 126 డిగ్రీల దిక్కులో 55 డిగ్రీల ఎత్తుకే చూస్తుంది. డీటూహెచ్‌ది 88, దిక్కు 168. ఒకే వీధిలో నాలుగు డిష్‌లు నాలుగు వైపులకు చూస్తున్నాయంటే అందులో తప్పేమీ లేదు.

దిక్కు కోసం ఫోన్‌లో దిక్సూచి వాడతాం కదా, దాన్ని డిష్ దగ్గర పెట్టి చూడకండి. గొట్టం ఇనుము, స్లాబులో ఊచలు ఇనుము, నీళ్ల ట్యాంకు స్టాండు ఇనుము. రేకుల ఇల్లయితే ఇక చెప్పనక్కర్లేదు, ముల్లు ఎటు పడితే అటు తిరుగుతుంది. కిందికి దిగి, వీధిలో బళ్లకూ స్తంభాలకూ దూరంగా నిలబడి, ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకె వేసినట్టు కాసేపు తిప్పి, అప్పుడు 153 ఎటు చూపిస్తోందో చూడండి. ఆ వరసలో దూరంగా కనిపించే ఒక గుర్తు, టవరో, చెట్టో, గుడి గోపురమో, మనసులో పెట్టుకుని పైకి వెళ్లండి.

దిక్సూచి కన్నా నాకు ఎండ మీద నమ్మకం ఎక్కువ. నవంబరు నడుమ నుంచి డిసెంబరు నెలాఖరు దాకా మా ఊళ్లో పొద్దున్న 10:20, 10:30 మధ్య సూర్యుడు సరిగ్గా ఆ 153 దిక్కులో ఉంటాడు. సంక్రాంతి రోజుల్లో అది 10:40 అవుతుంది. డాబా మీద ఒక కర్ర నిటారుగా నిలబెట్టి, ఆ వేళకు పడిన నీడ మీద సుద్దతో గీత గీయండి. నీడ కొస నుంచి కర్ర మొదలు వైపు చూస్తే ఆ గీత చూపించేదే డిష్ దిక్కు. ఒకసారి గీసి పెయింటు వేసి ఉంచుకుంటే ఎన్ని తుఫానులు వచ్చినా మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. మే నడుమ నుంచి జులై ఆఖరు దాకా మాత్రం ఈ పద్ధతి కుదరదు, ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు.

ఇక అడ్డు సంగతి. 65 డిగ్రీలంటే చూపు చాలా నిటారుగా పైకి పోతుంది. అందుకే చెట్టు ఎంత దూరంలో ఉందో దానికి రెండింతల ఎత్తు డిష్ కన్నా పైకి పెరిగినా అడ్డు రాదు. 3 మీటర్ల దూరంలో ఉన్న మామిడి కొమ్మ డిష్ కన్నా 6 మీటర్లు దాటి పైకి ఉంటే అప్పుడు ఆలోచించాలి. చెట్టు ఉందని బెంగపడి డిష్‌ని ఇంకో మేడ మీదికి మార్చి పొడవాటి వైరు లాగించినవాళ్లున్నారు, చాలాచోట్ల ఆ అవసరమే లేదు. కొబ్బరి మట్టలు గాలికి ఊగి చూపులోకి వస్తే మాత్రం బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

బిగించే చోటు గట్టిగా ఉండాలి. సన్నటి పిట్టగోడకు నేను బిగించను, పెద్ద గాలికి ఇటుకలే ఊడొస్తాయి. స్లాబుకు బెజ్జాలు వేస్తే వానాకాలం చెమ్మ దిగుతుంది. మెట్లగది గోడ ఉంటే అదే మంచిది, యాంకర్ బోల్టులతో పక్కనుంచి బిగించుకోవచ్చు. విరిగినా ఒరిగినా కరెంటు తీగల మీద పడే చోట అసలు పెట్టకండి. ఉరుములు మొదలైతే పని ఆపి దిగిపోండి. ఎండాకాలం సాయంత్రాలు ఇక్కడ గాలివాన ఎంత చప్పున కమ్ముకొస్తుందో అందరికీ తెలుసు. పిట్టగోడ లేని డాబా అయితే ఒక్కరే ఎక్కవద్దు.

తర్వాత గొట్టం. ఈ ఒక్క పనికి ఎంత సేపు పట్టినా పట్టనివ్వండి. గొట్టం నిక్కచ్చిగా నిటారుగా ఉండాలి. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకోండి, లేదా దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీయండి. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూడాలి. ఒకవైపు నుంచే చూస్తే మోసపోతాం. గొట్టం ఒరిగి ఉంటే డిష్‌ని పక్కకు తిప్పినప్పుడల్లా దాని ఎత్తు కూడా మారిపోతుంది, రెండు కోణాలూ కలగాపులగమై ఇక దొరకదు. గంటలకొద్దీ తిప్పినా సిగ్నల్ రాలేదని చెప్పే ఇళ్లలో నేను మొట్టమొదట చూసేది గొట్టాన్నే.

ఎత్తు కోణం కోసం డిష్ వెనక బ్రాకెట్ మీద అంకెలుంటాయి. 65 దగ్గర పెట్టి, నట్టు కదలకుండా, అలాగని మరీ బిగుసుకోకుండా ఉంచండి. తుప్పుపట్టి అంకెలు కనపడకపోతే వేరే దారి ఉంది. ఇళ్ల మీద వాడే ఈ డిష్‌లు చూడ్డానికి ఎదురుగా చూస్తున్నట్టుంటాయి గానీ అవి నిజంగా చూసేది తమ మొహం కన్నా 24, 25 డిగ్రీలు పైకి. అందుకే ఎల్‌ఎన్‌బీ, అంటే డిష్ మీద పడిన సిగ్నల్‌ని అందుకునే చిన్న డబ్బా, నడిమధ్యన కాకుండా కింది నుంచి వచ్చిన చెయ్యి మీద ఉంటుంది. ఒక తిన్నని చెక్కపట్టీని డిష్ పై అంచుకూ కింది అంచుకూ ఆనించి, దాని మీద ఫోన్ పెట్టి వాలు కొలిచే యాప్‌లో చూడండి. నిటారు నుంచి సుమారు 40 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటే, చూపు 65కు దగ్గర్లో ఉన్నట్టే. డిష్ 65 డిగ్రీలు వెనక్కి వాలాలనుకుని దాదాపు పడుకోబెట్టేసేవాళ్లు ఉన్నారు. అలా పెడితే ఎన్నటికీ రాదు.

ఎల్‌ఎన్‌బీ కూడా కాస్త మెలితిరగాలి. మా ఊరి దగ్గర ఆ మెలిక 26 డిగ్రీలు. డిష్ వెనక నిలబడి, డిష్ చూసే వైపే మీరూ చూస్తుంటే గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పాలి. వైరు తగిలించే మూతి గడియారంలో ఆరు దగ్గర ఉన్నదల్లా అయిదు వైపుకు వస్తుంది. ముందు నుంచి చూస్తే ఏడు వైపుకు వెళ్లినట్టు కనబడుతుంది, అందుకే ఎటు నిలబడి చూస్తున్నామో ముందు తేల్చుకోవాలి. ఇప్పటికి ఇంత చాలు, సిగ్నల్ దొరికాక దీన్ని సవరించుకోవచ్చు.

వైరు విషయంలో పిసినారితనం పనికిరాదు. ఆర్‌జీ-6 రకం, 75 ఓమ్‌ల వైరు కొనండి. మధ్యలో అతుకులు వద్దు. వైరు కొసకు తొడిగే ఎఫ్ కనెక్టర్ వేసేటప్పుడు నడుమ రాగి తీగ కనెక్టర్ మూతి నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. చుట్టూ ఉండే అల్లిక తీగల్లో ఒక్క వెంట్రుకంత కూడా దాన్ని తాకకూడదు. ఈ వైరులో సిగ్నల్ కిందికి రావడమే కాదు, బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బీకి కరెంటు కూడా పైకి వెళ్తుంది. తరంగం నిలువుగా ఊగే ఛానళ్లకు (మెనూలో వర్టికల్) 13 వోల్టులు, అడ్డంగా ఊగేవాటికి 18. అల్లిక తగిలితే షార్ట్ అయి బాక్సు పాడవ్వచ్చు. కనెక్టర్ తీసినా పెట్టినా ముందు బాక్సు ప్లగ్గు పీకేయండి. వైరు ఎల్‌ఎన్‌బీ నుంచి దిగాక ఒక చిన్న వంపు కిందికి వేలాడేలా కట్టండి, వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. లేదంటే వైరు వెంబడే ఇంట్లోకి, బాక్సులోకి వస్తుంది.

ఇప్పుడు బాక్సు. ఇన్‌స్టలేషన్ మెనూలోకి వెళ్లి ఉపగ్రహం జీశాట్-15 లేదా 93.5 ఈస్ట్ ఎంచుకోండి. పాత బాక్సుల్లో ఇన్సాట్-4బి అని ఉంటుంది, అదీ ఆ చోటులోనే ఉండేది కాబట్టి ఫరవాలేదు. ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, 9750/10600. ఎల్‌ఎన్‌బీ పవర్ ఆన్‌లో ఉండాలి. ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహం ఛానళ్లను పంపే ఫ్రీక్వెన్సీ) 11090, వర్టికల్, సింబల్ రేటు 29500. ఈ మూడూ సరిగా పెట్టారా అని రెండోసారి చూసుకోండి. అంకె తప్పు పడితే డిష్ సరిగ్గా చూస్తున్నా బాక్సు ఏమీ చెప్పదు.

తెర మీద రెండు పట్టీలు కనబడతాయి. ఒకటి స్ట్రెంగ్త్, ఇంకొకటి క్వాలిటీ. స్ట్రెంగ్త్‌ని చూసి సంబరపడకండి. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, డిష్ గోడకేసి చూస్తున్నా అది ఎంతో కొంత చూపిస్తుంది. మనకు కావలసింది క్వాలిటీ. బజార్లో అమ్మే చిన్న ముల్లు మీటరుతోనూ ఇదే చిక్కు. ఏ ఉపగ్రహం తగిలినా కూస్తుంది, అది మనదో కాదో చెప్పదు.

కింద టీవీ, పైన డిష్. మధ్యలో కేకలు. “వచ్చింది, పోయింది” అని మెట్ల మీద నుంచి అరిచే మనిషి మాట మీకు చేరేలోపు మీరు ముందుకు జరిపేసి ఉంటారు. మా చిన్నోడు నేర్పాడు, కింద ఒక ఫోన్‌ని టీవీ ఎదురుగా ఆనించి వీడియో కాల్ పెట్టమని. పైన నా చేతిలో ఫోన్‌లో ఆ పట్టీలు చూసుకుంటూ తిప్పుతాను. పోర్టబుల్ టీవీ ఉంటే బాక్సుతో సహా డాబా మీదికే తెచ్చుకోవచ్చు, అది ఇంకా హాయి.

ఇక తిప్పడం. గొట్టం దగ్గర చూస్తే మిల్లీమీటరులో మూడో వంతు ఒక డిగ్రీ, కంటికి ఆనదు. అందుకే డిష్ పక్క అంచు దగ్గర చూడండి. 60 సెంటీమీటర్ల డిష్‌కు అక్కడ ఒక డిగ్రీ అంటే 5 మిల్లీమీటర్లు. అంచు పక్కన ఒక కర్ర నిలబెట్టి, దాని మీద స్కేలు కట్టి, 5 మిల్లీమీటర్లకొక గీత చొప్పున చూసుకుంటూ జరపండి. 145 దిక్కు నుంచి మొదలెట్టి 160 దాకా, ఒక్కొక్క గీత జరిపి చెయ్యి తీసేసి మూడు నాలుగు సెకన్లు ఆగాలి. చెయ్యి తీయడం ముఖ్యం, మన బరువుకే డిష్ వంగుతుంది. బాక్సు ఆలోచించుకోవడానికి ఆ సెకన్లు కావాలి. ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్లినా క్వాలిటీ లేవకపోతే ఎత్తును ఒక డిగ్రీ పెంచి మళ్లీ వెనక్కి రండి. ఆ తర్వాత 64కు దించి ఇంకోసారి. గొట్టం నిటారుగా ఉంటే ఈలోపే దొరుకుతుంది. దొరక్కపోతే తిప్పడం ఆపి వైరు, కనెక్టర్లు, మెనూలో అంకెలు చూడండి.

క్వాలిటీ ఒక్కసారిగా లేస్తుంది. అక్కడే బిగించేయకండి. ఇంకొంచెం అదే వైపు జరిపితే తగ్గే చోటు వస్తుంది, అక్కడ గొట్టం మీద పెన్సిలు గీత. వెనక్కి వస్తే రెండో వైపు తగ్గే చోటు, అక్కడ ఇంకో గీత. ఆ రెండింటికీ సరిగ్గా నడుమ నిలపండి. ఎత్తుకూ ఇలాగే. చివరికి ఎల్‌ఎన్‌బీని అటూ ఇటూ కొద్దికొద్దిగా మెలితిప్పి ఎక్కడ అంకె ఎక్కువో అక్కడ ఆపండి. ఎండగా ఉన్న రోజు బొమ్మ వస్తోంది కదా అని అంచు మీద వదిలేస్తే శ్రావణంలో మొదటి ముసురుకే పోతుంది. నడుమ నిలిపిన డిష్ మామూలు వానను తట్టుకుంటుంది. కుండపోతకు మాత్రం ఏ డిష్ అయినా కాసేపు ఆగుతుంది. 11 గిగాహెర్ట్జ్ తరంగాలను వాన చినుకులే మింగేస్తాయి, వాన తగ్గితే దానంతటదే వస్తుంది.

బిగింపు కూడా ఒక పనే. ఒక నట్టును పూర్తిగా బిగించి రెండోదానికి పోతే డిష్ పక్కకు లాగేసుకుంటుంది. ఒకదానికి పావు చుట్టు, రెండోదానికి పావు చుట్టు, మధ్యమధ్య క్వాలిటీ చూసుకుంటూ బిగించండి. అన్నీ అయ్యాక క్లాంపు మీదా గొట్టం మీదా కలిసేలా ఒకే పెయింటు గీత గీయండి. రేపు కోతి ఎక్కి ఊగినా, గాలికి తిరిగినా, ఆ గీత మళ్లీ కలిపితే చాలు. మహేంద్రగిరి వైపు ఊళ్లలో కోతులు ఎల్‌ఎన్‌బీ చెయ్యి పట్టుకునే పిట్టగోడ దిగుతాయి, అక్కడివాళ్లకు ఈ గీత తప్పనిసరి. నట్లకు గ్రీజు, కనెక్టర్లకు నీరు చొరని టేపు. ఎల్‌ఎన్‌బీ మొహాన ఉండే ప్లాస్టిక్ మూత పగిలితే కందిరీగలు గూడు కడతాయి, ఆరు నెలలకోసారి చూసుకోండి.

ఇంకో రెండు సందర్భాల్లో డిష్‌ని ముట్టుకోవద్దు. మార్చి రెండో వారం చుట్టుపక్కల పొద్దున్న 11:20 ప్రాంతంలో, అక్టోబరు మొదటి రోజుల్లో 11 గంటల ప్రాంతంలో, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. కొన్ని రోజుల పాటు ఆ వేళకు కొన్ని నిమిషాలు బొమ్మ పోతుంది. డిష్ చెడలేదు. ఆ నిమిషాల్లో పైకెళ్లి చూస్తే ఎల్‌ఎన్‌బీ మొహం మీద వెలుగు పోగుపడి కనిపిస్తుంది, గురి కుదిరిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. రెండోది, ఉన్నట్టుండి కొన్ని ఛానళ్లు మాత్రమే మాయమై మిగతావి చక్కగా రావడం. ప్రసార భారతి ఫ్రీ డిష్‌లో చోట్లను వేలం వేస్తుంది, సాధారణంగా ఏప్రిల్ 1 నుంచి కొత్త ఛానళ్లు వస్తాయి, కొన్ని వెళ్లిపోతాయి. అప్పుడు చేయాల్సింది సోఫాలో కూర్చుని రిమోట్‌తో ఆటో స్కాన్ పెట్టడమే. స్కాన్ అయ్యాక ఛానల్ నంబర్లు అటూ ఇటూ అవుతాయి కాబట్టి, మా అత్తగారి కోసం సప్తగిరి కొత్త నంబరు పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి టీవీ పక్కన అంటిస్తాను.